వేరు చేసిన తేదీ

జూన్ 3, సోమవారం

ఎడమచేతి చిటికెన వేలు విరిగింది. రాసే చెయ్యి కాదు కదా, అదొక అదృష్టం. నాకు అదృష్టాలన్నీ ఈ జాతివే వస్తాయి.

తప్పు నాదే. మా షెడ్డులో పెంచే రంగు చేపల్ని కొనే షాపాయనకి పోయిన నెల ఎనిమిది ఆడ చేపలని చెప్పి ఇచ్చాం. ఈ ఆఫ్రికా చేపలతో తంటా ఏంటంటే, పిల్లలప్పుడు అన్నీ పసుపే. ఆడదీ పసుపే, మగదీ పసుపే. ట్యాంకులో బలమైన మగది ఒక్కటే ముదిరి నీలం తిరుగుతుంది, ఒంటిమీద నల్ల పట్టీలు దిగుతాయి. మిగతా మగవి దాని భయానికి రంగు మింగేసి పసుపుగానే బతుకుతాయి. చూసేవాడికి ఆడవే అనిపిస్తాయి. అరచేతిలో వెల్లకిలా తిప్పి తోక కింద చూస్తేనే తేడా తెలుస్తుంది. నేను తిప్పి చూడలేదు. అన్నయ్య వెనక నిలబడి త్వరగా కానిమ్మని బూతులు తిడుతుంటే ఎవడికి చూడబుద్ధేస్తుంది?

ఆ ఎనిమిదింట్లో ఒకటి మగది. షాపులో దాన్ని అదిలించే పెద్దది లేదు. పది రోజుల్లో నీలం తిరిగి మిగతా ఏడింట్లో ఐదింటిని చంపేసింది. షాపాయన వాటిని కవర్లో వేసి తెచ్చి అన్నయ్య ముందు బల్లమీద పోశాడు. ఒక్కదానికీ కళ్ళు లేవు.

అన్నయ్య చేతి వల తిరగేసి కర్రతో మొదలుపెట్టాడు. చెయ్యి అడ్డం పెట్టాను, వేలు పోయింది. మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. బకెట్ తీసి విసిరాడు, ఆమె చెవి మీద తగిలింది. అమ్మ వంటింట్లోంచి చూసి మళ్ళీ లోపలికెళ్ళింది. నాకు దెబ్బ కంటే షాపాయన అక్కడే నిలబడి చూడటం మంట. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అనలేదు.

సాయంత్రానికి మా ఆవిడ వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళ కిందట వదిన కూడా ఇలాగే ఒక్క సంచితో వెళ్ళింది. వదిన మళ్ళీ రాలేదు.

జూన్ 5, బుధవారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూన్ 6, గురువారం

వేలు నీలంగా ఉంది, భుజం కూడా. మా చేపకీ దెబ్బకీ రంగులు తిరగేసి ఉంటాయి. చేప పసుపులోంచి నీలానికి పోతుంది, దెబ్బ నీలంలోంచి పసుపుకి వస్తుంది. నా ఒంటి లెక్క ప్రకారం ఎనిమిది రోజులు పడుతుంది. ఈ విషయంలో నా అంత అనుభవం ఉన్నవాడు ఇంకొకడు ఉండడు.

నేను మెత్తనివాణ్ణి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు, అదే నా జాతకం. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. ముప్పై నాలుగేళ్ళలో ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. ఎత్తను కూడా.

జూన్ 8, శనివారం

అన్నయ్య పడ్డాడు. ఖాళీ ట్యాంకు ఎత్తుకుని షెడ్డు దాటుతుంటే తడి నేల మీద కాలు జారింది. గాజు తొడలో దిగింది, తుంటి ఎముక విరిగింది. నేల కడిగే పైపు కుళాయి కట్టేసే ఉంది. నేనే కట్టాను.

జూన్ 9, ఆదివారం

ఆపరేషన్ అయింది. మూడు వారాలు ఉంచాలన్నారు. బతుకుతాడు.

షెడ్డు కడగడానికి పొద్దంతా పట్టింది. రక్తం నీళ్ళలో కలిసి సందులన్నిట్లోకీ వెళ్ళింది. ట్యాంకుల కింద చెయ్యి పెట్టి గుడ్డతో తుడవాల్సి వచ్చింది. అంత రక్తం మనిషిలో ఉంటుందని తెలీదు.

పిలిచాడట. రెండుసార్లు పిలిచానని డాక్టరుతో చెప్పాడట. నేను ఎయిర్ పంపు మోటారు దగ్గర ఉన్నాను. ఆ రొదలో పక్కన మనిషి అరిచినా వినపడదు. కుళాయి కట్టేశాను, నాకు బాగా గుర్తు.

జూన్ 10, సోమవారం

వచ్చింది. సంచి దించకుండా గుమ్మంలోనే నిలబడింది. చెవి దగ్గర ఇంకా నీలం పోలేదు. బావగారు ఇంట్లో లేరని కాదు, మిమ్మల్ని నమ్మి వచ్చానంది. నమ్మమనే చెప్పాను. అప్పుడు ఒక మాట అంది, అది ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాసుకుంటున్నాను.

"నాకు చెయ్యి లేవని ఇల్లు కావాలి. మీ చెయ్యి ఒక్కసారి లేచినా వెళ్ళిపోతాను. చెప్పి మాత్రం వెళ్ళను."

నవ్వొచ్చింది నాకు. ఈ చెయ్యా? చిటికెన వేలికి కట్టు కట్టి ఉన్న చెయ్యి చూపించాను. తనూ నవ్వింది. సంచి లోపల పెట్టింది. ఈ నవ్వు ఇంట్లో ఉండాలి, నాకింకేం అక్కర్లేదు.

జూన్ 12, బుధవారం

షాపాయనకి నష్టం కింద ఏడో నంబరు ట్యాంకులోని పెద్ద నీలాన్ని ఇచ్చేశాను. పదకొండు పసుపువి మిగిలాయి. మా ఆవిడ కొత్త కార్డు రాసి అద్దానికి కింద ఎడమ మూల అతికించింది. ఇది నాన్న పెట్టిన పద్ధతి. ప్రతి ట్యాంకుకీ ఒక కార్డు ఉంటుంది. పెద్దదాన్ని తీసిన తేదీ, మొదటి గీత, మొదటి కాటు, పూర్తి రంగు, వేరు చేసిన తేదీ. పూర్తి రంగు వచ్చిన రోజే ఆ మగదాన్ని వేరు చెయ్యాలి, లేకపోతే మిగతావి మిగలవు. ఆమె అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి. తడి అద్దం మీద కార్డు ఊడకుండా ఎలా అతికించాలో పెళ్ళైన కొత్తలో నేనే నేర్పాను.

జూన్ 14, శుక్రవారం

ఏడో ట్యాంకులో మూలన, పైపు ముక్క వెనకాల ఎప్పుడూ నక్కి ఉండేదొకటి ఉంది. తోక సగం లేదు. దాన్ని మెతకోడు అని పిలుస్తాను. ఇవాళ దాని వీపు రెక్క అంచున పెన్సిల్‌తో గీసినట్టు నల్ల గీత కనిపించింది. అయితే మగాడివేనట్రా నువ్వు. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను, కార్డులో రాసింది.

జూన్ 17, సోమవారం

షాపాయన ఫోన్. ఇచ్చిన నీలం మేత తినట్లేదంటాడు. వారం కిందటైతే బతిమాలుకునేవాణ్ణి. ఇవాళ ఏమైందో, మేపడం చేతకాకపోతే వ్యాపారం మానుకొమ్మని అరిచాను. నా గొంతు షెడ్డంతా మోగింది. అటువైపు నుంచి "సరే సార్" అన్నాడు. పదేళ్ళుగా నన్ను ఒరేయ్ అని పిలిచిన మనిషి.

మా ఆవిడ వల ఉతుకుతూ ఆగి చూసింది. ఇవాళ తేదీ ఎంతని అడిగింది. పదిహేడు అన్నాను.

జూన్ 18, మంగళవారం

మెతకోడి నుదురు నల్లబడింది. పొట్ట ఇంకా పసుపే. పైపు ముక్క వెనకనుంచి ముందుకి వచ్చి, పైపు తనదే అన్నట్టు నోటి దగ్గర కూచుంది. దగ్గరికొచ్చిన దాన్నల్లా తరుముతోంది. చూస్తూ గంట కూచున్నాను. మేత వెయ్యడం మర్చిపోయాను.

జూన్ 20, గురువారం

అమ్మ ఇవాళ నాకే ముందు వడ్డించింది. ఇన్నేళ్ళూ అన్నయ్యకి, ఆ తర్వాతే నాకు. తిన్నాను. రుచిగా ఉంది.

జూన్ 22, శనివారం

షాపాయన చచ్చిన నీలాన్ని తీసుకొచ్చాడు. మీ ఇంట్లో అందరూ దొంగలే అన్నాడు, మా ఆవిడ ముందే అన్నాడు. కాలర్ పట్టుకుని ర్యాక్‌కి ఆనించాను. మూడో నంబరు ట్యాంకు మూల ఆయన తలకి తగిలింది. ఒకసారి తగిలింది. బహుశా రెండోసారి కూడా. కనుబొమ్మ పగిలి కన్ను మూసుకుపోయేలా రక్తం కారింది. చేతులు జోడించాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు, ఇలాంటివాళ్ళకి ఇదే మందు.

నేనేం కొట్టలేదు. తోశాను, అంతే. ఇలాంటివాడు మళ్ళీ గుమ్మం తొక్కకూడదంటే తోయాలి. ఇంటి ఆడదాన్ని ముందు పెట్టుకుని దొంగ అంటే ఏ మగాడు ఊరుకుంటాడు? ఆమె కోసమే కదా.

ఆమె నేల కడిగింది. తేదీ అడిగింది. ఇరవై రెండు.

జూన్ 23, ఆదివారం

షాపాయనకి చెయ్యి తగిలింది, అంతే.

జూన్ 25, మంగళవారం

పొద్దున ఏడో ట్యాంకులో ఒకటి తేలింది. రెక్కలు దువ్వెన పళ్ళలా మిగిలాయి, ఒక పక్క మాంసం కనపడుతోంది. మొదటి కాటు. మెతకోడు సగానికి పైగా నీలం.

మా ఆవిడ వెంటనే వేరు చేద్దామంది. అందులో ఒక ఆడది నోట్లో గుడ్లు పెట్టుకుని ఉందట. ఈ జాతి ఆడది గుడ్లు నోట్లోనే పొదుగుతుంది, మూడు వారాలు మేత ముట్టదు, నోరు తెరవదు. పదో రోజు అట. దాన్ని మెతకోడు వదలడని ఆమె భయం. పూర్తి రంగు రానీ అన్నాను. బతుకంతా పైపు వెనక నక్కినవాడు. నాలుగు రోజులు రాజులా తిరగనీ. ఎవడి సొమ్ము పోయింది?

ఆమె కార్డులో మొదటి కాటు తేదీ రాసింది.

జూన్ 27, గురువారం

మరో రెండు పోయాయి. పట్టీలు దిగాయి, ఆరు. ఎంత అందంగా ఉన్నాడో చెప్పలేను.

జూన్ 29, శనివారం

అన్నయ్యని ఇంటికి తెచ్చాం. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని నడుస్తున్నాడు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తంటారు గానీ ఈ ఏనుగు లేచి నిలబడినా నా భుజానికి రావట్లేదు. మొహం పాలిపోయింది. గొంతు లేదు. నీళ్ళు కావాలని అమ్మని అడిగి, అమ్మ రాకపోతే మళ్ళీ అడగలేదు.

మధ్యాహ్నం షెడ్డులోకి వచ్చాడు. మేత డబ్బా అందుకోబోయి కింద పారబోశాడు. పదేళ్ళలో నేనలా పోస్తే ఏమయ్యేదో నాకూ తెలుసు, వాడికీ తెలుసు. చేతి వల గోడకే ఉంది. కర్ర అదే కర్ర. స్టాండు మీద నుంచి చెయ్యి తీసే లోపల మోచేతి మీద వేశాను. తర్వాత వీపు మీద. స్టాండు తోసుకుపోయి వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. కట్టిన తొడ అని తెలుసు. అక్కడ వెయ్యలేదు. అక్కడ ఒక్కసారే వేశాను.

కొట్టించుకుంటూ అరవలేదు. ఊపిరి తీసుకుని నావైపు చూసి నవ్వాడు.

"నాన్న మంచాన పడ్డ పదో రోజు నేనూ ఇంతే చేశాను చిన్నోడా. మొదట్లో బాగానే ఉంటుంది."

తిక్కవాగుడు. ఇది న్యాయం, వాడు చేసింది దౌర్జన్యం. రెంటికీ చాలా తేడా ఉంది. మా ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. నీకు చేసిందానికి బదులు తీర్చాను అన్నాను. నేను అడిగానా అంది. తేదీ అడగలేదు.

జూన్ 30, ఆదివారం

కర్ర మీద మచ్చలు పోవట్లేదు. వేరే వల కొనాలి.

జులై 1, సోమవారం

ఏం రాయాలి.

ఏడో ట్యాంకు దగ్గరికెళ్తే నోట్లో గుడ్లున్న ఆడది కనపడలేదు. మెతకోడు చంపి తిన్నాడనుకున్నాను. వెతికితే చేతులు కడుక్కునే చోట బకెట్‌లో ఉంది, పైన గుడ్డ కప్పి, గాలి గొట్టం వేసి. మా ఆవిడ తీసి పెట్టింది. నన్ను అడక్కుండా.

అడగాలి కదా. ఈ షెడ్డు ఎవరిది? నేను వద్దన్నాక ముట్టుకోవడమేంటి? అది ఎంత మంచి పనైనా అడగాలి. అదే చెప్పాను. ఆమె బకెట్‌కి అడ్డంగా నిలబడింది. అడిగితే ఇచ్చేవారు కాదు కదా అంది, నిదానంగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. ఆ నిదానమే. అరిచినా బాగుండేది.

చెయ్యి తగిలింది. దవడ మీద. ఆమె గోడకి తగిలి, కింద కూచుంది. బకెట్ కాలు తగిలి దొర్లింది. ఆడ చేప నేల మీద ఎగిరి ఎగిరి పడింది, భయానికి నోరు తెరిచేసింది. నోట్లోంచి పిల్లలు, ఇంకా పొట్టకి పసుపు సొన బుడగ వేలాడుతున్నవి, తడి సిమెంటు మీద చెల్లాచెదురుగా పడ్డాయి. అవి పాకలేవు. తోక కొట్టుకుంటాయి, అంతే.

ఆమె మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటే చెంచాతో ఎత్తింది. పెదవి చిట్లి రక్తం చుక్కలు పడుతుంటే పమిటతో మూతి తుడుచుకుంటూ ఎత్తింది. నేను సాయం చెయ్యబోయాను. చెయ్యి చూసి ఆగింది. నేనూ ఆగాను.

ఆడ చేప బతకలేదు.

జులై 2, మంగళవారం

పొద్దున లేచేసరికి ఇంట్లోనే ఉంది. టీ పెట్టింది. వెళ్ళలేదు. వెళ్ళిపోతానని అంది గానీ వెళ్ళలేదు. కోపంలో అన్న మాటలు అవన్నీ. మొగుడూ పెళ్ళాలన్నాక సవాలక్ష ఉంటాయి.

పిల్లల్ని సీసాలో వేసి, కింద నుంచి గాలి గొట్టం పెట్టింది. బుడగలకి సొన పిల్లలు దొర్లుతూ ఉంటాయి, తల్లి నోట్లో దొర్లినట్టే. సొన ఇంకితే ఈదుతాయి, వారం పడుతుంది. నేను నేర్పని పని. ఎక్కడ నేర్చుకుందో.

జులై 3, బుధవారం

దవడ నీలం. అద్దంలో చూసుకుంటూ వేలితో నొక్కుతోంది. మందు తెచ్చాను. బల్లమీద పెట్టాను. తీసుకోలేదు.

జులై 4, గురువారం

మాట్లాడట్లేదు. సరిగ్గా తినట్లేదు కూడా. అమ్మని అడిగితే కోపం మగాడికి ఉంటుంది, ఆడదే సర్దుకోవాలి, సర్దుకుంటుంది అంది. అన్నయ్య తన గదిలో తలుపేసుకుని ఉన్నాడు, నా అడుగుల చప్పుడుకి మాటలు ఆపేస్తాడు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. నేను కోరుకుంది ఇదే కదా.

జులై 6, శనివారం

ఏడో ట్యాంకులో ఐదు మిగిలాయి. వేరు చేద్దామా అని ఆమెని నేనే అడిగాను. వినపడనట్టు సీసాలో నీళ్ళు మార్చింది.

జులై 8, సోమవారం

దవడ పసుపు తిరిగింది. ఎనిమిదో రోజు, నా లెక్క తప్పదు. తగ్గిపోయినట్టే. పిల్లలు కూడా సీసాలో ఈదుతున్నాయి, అన్నీ పసుపే. సాయంత్రం సినిమాకి వెళ్దామన్నాను. తల ఊపింది. ఆ తల ఊపడం అవునో కాదో, అవుననే అనుకున్నాను. ఇకనుంచి అంతా బాగుంటుంది. చెయ్యి కూడా ఇంక లేవదు, ఒట్టు. సినిమాకి వెళ్ళలేదు, తలనొప్పి అంది.

జులై 9, మంగళవారం

వెళ్ళిపోయింది. పొద్దున మేత వేసి వచ్చేసరికి లేదు. సంచి లేదు. సీసా ఖాళీగా ఉంది, గాలి గొట్టం ఊరికే బుడగలు వదులుతోంది. పిల్లల్ని కూడా తీసుకెళ్ళింది.

వాళ్ళ అక్కకి ఫోన్ చేశాను. రాలేదన్నారు. అబద్ధమో నిజమో.

అమ్మని తిట్టాను. అన్నయ్య గది తలుపు కాలితో తన్నాను. లోపల్నుంచి మంచం జరిపి తలుపుకి అడ్డం పెట్టిన చప్పుడు వచ్చింది. ఎన్నోసార్లు నేను జరిపిన మంచం అది, వాడు అవతల తన్నుతుంటే.

చెయ్యి కడుక్కుందామని కుళాయి దగ్గరికెళ్ళాను. అక్కడి అద్దానికి, కింద ఎడమ మూల, కార్డు ఉంది. ఆమె అక్షరాలే.

ట్యాంకు: ఇల్లు
పెద్దదాన్ని తీసిన తేదీ: జూన్ 8
మొదటి గీత: జూన్ 17
మొదటి కాటు: జూన్ 22
పూర్తి రంగు: జులై 1
వేరు చేసిన తేదీ: జులై 9

దాని పైన అద్దంలో నా మొహం.

జులై 10, బుధవారం

ఏడో ట్యాంకులో ఒక్కటే తిరుగుతోంది. మిగతావి తేలాయి. తరమడానికి ఎవరూ లేక అద్దంలో తన నీడనే పొడుస్తోంది. ముక్కు చిట్లింది.

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధాలు రాశాను. మళ్ళీ రాస్తున్నాను. జూన్ 8న కుళాయి కట్టలేదు. నేల తడిగా ఉందని తెలుసు, వాడు ట్యాంకు ఎత్తుకుని వస్తున్నాడని తెలుసు. రెండుసార్లు పిలిచాడు, రెండుసార్లూ వినపడింది. మోటారు దగ్గర నిలబడి నీళ్ళు ఎర్రబడటం చూశాను. షాపాయనకి చెయ్యి తగల్లేదు, తల పట్టుకుని రెండుసార్లు కొట్టాను. అన్నయ్యని విరిగిన కాలి మీద కొట్టాను, ఒక్కసారి కాదు. నా భార్యని కొట్టాను. చెయ్యి తగల్లేదు. కొట్టాను. కొట్టే ముందు ఒక్క క్షణం హాయిగా అనిపించింది, అది కూడా నిజం.

కార్డు పీకేద్దామని గోటితో లాగాను. రాలేదు. తడికి కూడా ఊడకుండా అతికించింది, నేను నేర్పినట్టే.